మూడు తరాల పేర్లు రాసిపెట్టినవారికి ఒక తిలోదకం

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా, అంటే పోయినవారికి తర్పణాలు వదిలే మహాలయ పక్షంలో, విజయవాడలో కృష్ణ ఒడ్డున ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. "గోత్రం చెప్పండి. నాన్నగారి పేరు? తాతగారి పేరు? ముత్తాతగారి పేరు?" మొదటి రెండూ గబగబా వస్తాయి. మూడోదాని దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇక తల్లివైపు అడిగితే, అమ్మమ్మ పేరు తెలుస్తుంది గానీ అమ్మమ్మ అత్తగారి పేరు తెలియదు. దర్భ పవిత్రం వేలికి ఉండగానే ఫోను తీసి ఎవరికో చేస్తారు.

ఆ ఫోను అందుకునే మనిషి ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. విజయవాడ పత్రికల ఊరు. 1952లో విశాలాంధ్ర ఇక్కడే మొదలైంది. 1960 జులై 1న నార్ల వెంకటేశ్వరరావు సంపాదకులుగా ఆంధ్రజ్యోతి ఇక్కడి నుంచే వెలువడింది. అందుకే ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో ఆ మనిషి విలేకరిగానో, సబ్‌ఎడిటర్‌గానో పనిచేసినవారై ఉంటారు. ఉద్యోగంలో లోకం వార్తలు రాసి, సెలవు రోజుల్లో ఊరూరూ తిరిగి వంశవృక్షం రాసినవారు. అలాంటివారు కాలం చేశాక వారిని మహాలయంలో ఎలా తలుచుకోవాలి? దానికి దారి తర్పణంలో చివర వచ్చే ఈ శ్లోకంలోనే ఉంది.

యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః

తల్లి లేక, తండ్రి లేక, బంధువు లేక, వేరే గోత్రంవాడైనా తనవాడంటూ లేక వెళ్లిపోయిన వారందరూ నేను విడిచే ఈ దర్భోదకంతో తృప్తి పొందుదురు గాక అని అర్థం. ఎంత విశాలమైన మాట! అయితే ఇది తర్పణంలో ఎక్కడ వస్తుందో గమనించాలి. పేరుపేరునా అందరికీ నీళ్లు వదిలాక, అన్నిటికన్నా చివర వస్తుంది. తెలుసుకోగలిగిన పేరును తెలుసుకోకుండా ఈ శ్లోకంలో కలిపేయడం సరికాదు. పేరు కోసం చేయగలిగినంతా చేసినవాడి నోటనే ఈ శ్లోకం నిండుగా పలుకుతుంది. కుటుంబ చరిత్ర రాసిన పాత్రికేయుడు చేసిందీ ఆ పనే. శ్రద్ధతో చేసేదే శ్రాద్ధమన్నప్పుడు, ఒక ముత్తవ్వ పేరు కోసం పాత దస్తావేజులు తిరగేసిన మధ్యాహ్నం కూడా శ్రాద్ధంలో భాగమే.

ఇక పద్ధతి. దక్షిణ ముఖంగా కూర్చుని, ఎడమ మోకాలు నేలకు ఆన్చాలి. జంధ్యం ఉన్నవారు ప్రాచీనావీతిగా, అంటే కుడి భుజం మీదుగా వేసుకోవాలి. పితృకార్యానికి పవిత్రం మూడు దర్భలతో చేస్తారు. నల్ల నువ్వులు వంద గ్రాములుంటే ఒక ఇంటికి ధారాళంగా సరిపోతాయి. రాగి చెంబు మంచిది, ఇనుము పనికిరాదు. నీళ్లు వదిలేది చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి. అదే పితృతీర్థం. వేళ్ల కొసల నుంచి వదిలితే అది దేవతీర్థం అవుతుంది. తొందరలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. తండ్రిని వసురూపంగా, తాతను రుద్రరూపంగా, ముత్తాతను ఆదిత్యరూపంగా భావించి ఒక్కొక్కరికి మూడేసి దోసిళ్లు. తడిబట్టలతో ఉంటే నీళ్లలోనే నిలబడి, పొడిబట్టలు కట్టుకుంటే ఒడ్డున కూర్చుని వదలాలి. ఇంట్లో చేసుకునేవారు ఆ నీటిని ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయాలి. తండ్రి జీవించి ఉన్నవారు సాధారణంగా ఈ తర్పణం చేయరు.

పాత్రికేయుడి స్థానం దీని తర్వాత వచ్చే కారుణ్య పితృదేవతల వరుసలో, అంటే మిగిలిన బంధువులు, ఆప్తుల వరుసలో ఉంటుంది. ఆయన పెదనాన్న, బాబాయి అయితే పితృవ్యం, మేనమామ అయితే మాతులం అంటూ గోత్రనామాలతో చెప్పాలి. బంధుత్వం లేకపోయినా లోటు లేదు. ఆ వరుసలో గురువుకూ, సఖుడికీ చోటుంది. ఈ వరుసలో చాలా ఇళ్లలో ఒక్కో దోసిలే వదులుతారు. అయితే సంవత్సరీకం పూర్తికాని వారిని మహాలయంలో చేర్చవచ్చా అన్నది ఇంటి ఆచారాన్ని బట్టి పురోహితుణ్ణి అడిగి తేల్చుకోవాలి. తిథి తెలిస్తే ఆ తిథినాడు, తెలియకపోతే అమావాస్యనాడు. ముత్తయిదువుగా పోయినవారికి నవమి. శ్రాద్ధానికి కుతపకాలం ముఖ్యం. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే ఈ రోజుల్లో అది ఉదయం 11.36 నుంచి 12.24 దాకా ఉంటుంది. తర్పణం ఆచారం లేని ఇళ్లలో బియ్యం, పెసరపప్పు, నెయ్యి, అరటికాయ, కంద, దక్షిణ కలిపి స్వయంపాకం ఇస్తారు. అక్కడా పేర్లు చెప్పాల్సిందే.

ఘాట్‌కు వెళ్లే ముందు చీటీ రాసుకోవాలి. వరుస, గోత్రం, పేరు, తిథి ఒక్కో మనిషికి ఒక్కో పంక్తిలో, పెద్ద అక్షరాలతో. నాయనమ్మకు తాతగారి గోత్రమే. అమ్మవైపు తాతగారికి మాత్రం అమ్మ పుట్టింటి గోత్రం. చీటీ అంతటికీ ఒకే గోత్రం రాసేయడం తరచూ జరిగే పొరపాటు. దత్తత వెళ్లినవారు ఉంటే గోత్రమూ ఇంటిపేరూ రెండూ మారవచ్చు కాబట్టి వారి పక్కన ఆ సంగతి రాయాలి. జీవించి ఉన్నవారి పేరు పొరపాటున కూడా చేరకూడదు.

ఇంకొక చిక్కు. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం. అందువల్ల రామయ్య, సుబ్బయ్య, మళ్లీ రామయ్య అని వస్తుంది. ఎత్తిరాసేవారు రెండో రామయ్యను పొరపాటనుకుని కొట్టేస్తే ఒక తరమే మాయమైపోతుంది. ఆడవారి విషయంలో ఇంట్లో బుల్లెమ్మ, దస్తావేజులో వెంకట సుబ్బమ్మ. రెండూ రాయాలి.

పాత్రికేయుడి కన్ను అక్కరకొచ్చేది ఇటువంటి చోటే. ఒకరు చెప్పింది రాసుకోవడం, రెండోవారితో సరిచూడడం, ఎవరు ఎప్పుడు చెప్పారో అంచున వేయడం. పత్రికలో వచ్చిన శ్రద్ధాంజలి ప్రకటనలో ఉన్నది పెద్దకర్మ తేదీయా, పోయిన తేదీయా అని వారు చూస్తారు. రాత్రి ఒంటిగంటన్నరకు పోతే ఇంగ్లిషు తేదీ మారిపోతుంది కాబట్టి గంట కూడా అడుగుతారు. తెలుగు సంవత్సరం పేరు అరవయ్యేళ్లకు తిరిగి వస్తుంది. క్రోధి అంటే 1964-65 కావచ్చు, 2024-25 కావచ్చు. క్రోధన అయితే 1985-86. విరోధి 1949-50, విరోధికృతు 1971-72. ఒక్క అక్షరం చెరిగితే ఇరవై ఏళ్లకు పైగా తేడా.

ఊరి విషయమూ అంతే. బాపట్ల వైపు వారి 1890ల నాటి కాగితంలో కృష్ణా జిల్లా అని ఉంటే అది తప్పు కాదు. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు మళ్లీ విడి జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల వేరుపడింది. ఊరు కదల్లేదు, పై పేరే మారింది.

ముత్తాత దాటి పైకి వెళ్లాలంటే పెళ్లి కాగితాలు వెతకాలి. వివాహంలో ప్రవర చెప్పేటప్పుడు వరుణ్ణి నప్త్రే, పౌత్రాయ, పుత్రాయ, అంటే ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అంటూ మూడు తరాలతో పరిచయం చేస్తారు. తాతగారి పెళ్లినాటి ప్రవర చీటీ దొరికితే మీ నుంచి అయిదో తరం దాకా పేర్లు వస్తాయి. వధువు వైపు వారివీ అందులోనే ఉంటాయి. ఎంత వెతికినా దొరకనప్పటికి సూత్రకారులు దారి చూపారు. తండ్రి, తాత, ముత్తాతల పేర్ల స్థానంలో పృథివీషత్తు, అంతరిక్షసత్తు, దివిషత్తు అని చెప్పవచ్చు. గోత్రం తెలియకపోతే కాశ్యపం. కానీ అది వెతికాక పట్టుకోవాల్సిన దారి.

ఆ పాత్రికేయుడు వదిలివెళ్లిన నోటుపుస్తకాల మాట కూడా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లినప్పుడు, నీళ్లు ఇంటి కాగితాలనూ వదల్లేదు. మహాలయం వచ్చేదే వరదల కాలంలో. కింది అరలో పెట్టకండి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే కాగితం వంకరపోతుంది. నీడలో, గాలి తగిలేలా, పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. అంటుకున్న ఫొటోలను బలవంతంగా లాగకూడదు. పత్రికల కత్తిరింపులను ఉత్తరాలతో, ఫొటోలతో కలిపి ఉంచొద్దు. న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం పక్క కాగితాన్నీ పసుపుపచ్చగా మారుస్తుంది. సెల్లోటేపు, లామినేషన్ రెండూ వద్దు. ప్రతి పేజీనీ ఫొటో తీసి, కనీసం ముగ్గురి దగ్గర ఉంచాలి.

ఇవన్నీ అయ్యాక చీటీతో దుర్గాఘాట్‌కో, అవతలి ఒడ్డున సీతానగరానికో వెళ్లండి. నదిలో ఉధృతి ఉంటే బారికేడ్లు దాటకుండా చెంబులో నీళ్లు తెచ్చుకుని మెట్ల మీదే చేయండి. ఆ పాత్రికేయుడి పేరు పలికి దోసిలి వదలండి. ఆయన ఎంత వెతికినా దొరకని పేర్లకు నోటుపుస్తకంలో ఖాళీ గీతలు మిగిలే ఉంటాయి. వాటిని తలుచుకుని "యేషాం న మాతా" చదివి, దర్భలు ముడి విప్పి కృష్ణలో వదలండి.