నాయనమ్మ మతిమరుపు మీద మాయల కథ రాయాలంటే

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మీద పిల్లల కథ రాయబోయేవాళ్లు తరచూ ఒకే గోతిలో పడతారు. నాయనమ్మ జ్ఞాపకాల్ని ఓ మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. మనవరాలు చిలకని పట్టేస్తుంది, నాయనమ్మకి అన్నీ గుర్తొచ్చేస్తాయి. కానీ అల్జీమర్స్ నయమయ్యే జబ్బు కాదే! ఆ కథ చదివిన పిల్ల తన ఇంట్లో నాయనమ్మ కోలుకోకపోతే 'నేనే సరిగ్గా వెతకలేదేమో' అనుకుంటుంది. అందుకని దొంగని పెట్టకండి.

మాయకో నియమం కావాలి. దాన్ని జబ్బులోంచే తీసుకోండి. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది హిప్పోక్యాంపస్, అంటే మెదడులో కొత్త సంగతుల్ని భద్రపరిచే చోటు. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, చిన్ననాటి ఊరి చెరువు గుర్తుంటుంది. దీన్ని ఇల్లుగా ఊహించండి. నడిమధ్య పాత మండువా, తర్వాత కట్టిన వంటిల్లు, ఆఖరున వేసిన మేడగది. పొగమంచు బయటి నుంచి లోపలికి వస్తుంది. ముందు మేడగదిని మింగుతుంది. టీవీ రిమోటూ, మనవరాలు పుట్టిన రోజూ ఉన్నది అక్కడే. మండువాలో మాత్రం నాయనమ్మ ఏడేళ్ల పిల్ల. ముందు వామనగుంటల పీట, రెండు వరసల్లో ఏడేసి గుంటలు, గుప్పిట్లో చింతపిక్కలు. మనవరాల్ని చూడగానే "అక్కా, ఇంతసేపా? నీ ఆటే" అంటుంది. 'నేను మీ అక్కని కాను' అని చెప్పాలా, కూర్చుని ఆడాలా? కథకి ముడి ఇక్కడే వేయాలి.

ఆ మండువాలోకి తలుపు పొద్దువాలే వేళ తెరవండి. ఈ జబ్బున్న చాలామందికి కంగారు, తిరుగుడు అప్పుడే ఎక్కువవుతాయి. సొంత ఇంట్లోనే ఉండి "మా ఇంటికి పోతా" అని గేటు దగ్గరికి నడుస్తారు. 'ఇదే మీ ఇల్లు' అని వాదిస్తే కంగారు పెరుగుతుంది. "మీ ఇంట్లో ఏం చెట్టుండేది?" అని అడిగితే కాస్త కుదుటపడొచ్చు. ఈ మాట మనవరాలి నోట పెట్టండి. ఇవతల అమ్మ గ్యాస్ రెగ్యులేటరు కట్టేస్తూ, గేటుకి తాళం వేస్తూ, మధ్యలో విసుక్కుంటూ ఉండాలి. విసుక్కోని అమ్మని పిల్లలు నమ్మరు.

మతిమరుపు జబ్బుల్లోనే ఇంకో రకమైన లూయీ బాడీ డిమెన్షియాలో లేని పిల్లలు, జంతువులు కనిపిస్తుంటాయి. వాటినే మాయజీవులుగా వాడేట్టయితే, అవి మనవరాలికీ కనిపిస్తాయా అన్నది ముందే తేల్చుకోండి. లేకపోతే సగం కథయ్యాక ఏది జబ్బో ఏది మాయో తెలియక గందరగోళమే.

ఎనిమిది, పదేళ్ల పిల్లలకి రెండు వేల మాటలు, మండువాకి మూడు ప్రయాణాలు సరిపోతాయి. వెళ్లిన ప్రతిసారీ ఒక గది తగ్గుతుంది. మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నని మూడుసార్లు పూర్తిగా రాసి, నాలుగోసారి "మళ్లీ అడిగింది" అనేయండి. జబ్బు గురించి నాన్న చెప్పేది మూడు ముక్కలు: మెదడుకి జబ్బు చేసింది, అంటుకోదు, నీ వల్ల రాలేదు. మూడోది పిల్లలు పైకి అడగరు, అయినా చెప్పించండి.

చివర్లో పేరు గుర్తు రానివ్వకండి. చేతికి అలవాటైన పనుల్ని నిలుపుకునేది మెదడులో వేరే చోటు. మాట తడబడుతున్నా అవి చాలాకాలం ఉంటాయి. మనవరాలు వీపు తిప్పి కూర్చుంటుంది. నాయనమ్మ జుట్టుని మూడు పాయలు చేసి బిగించి అల్లుతూ, "ఎవరమ్మాయివే నువ్వు?" అంటుంది. మనవరాలు రిబ్బను వెనక్కి అందిస్తుంది.