రికార్డు పుస్తకం చూపించనిది

ఇంగ్లండ్‌లో మా వార్డుకొచ్చే స్టూడెంట్ నర్సుల పని చూసే బాధ్యత ఇప్పుడు నాకూ ఇచ్చారు. ఇక్కడ చదువు పూర్తవ్వాలంటే పేషెంట్ల దగ్గర 2,300 గంటలు చెయ్యాలి. అందులో 600 గంటల వరకూ సిమ్యులేషన్‌లో, అంటే నిజం పేషెంట్లు లేకుండా ఉత్తుత్తి సన్నివేశాల్లో, చేసుకోవచ్చు. అయితే గంటలు నిండితే చాలదు, ఆ గంటల్లో పిల్లకి ఏం వచ్చిందో మేం చూసి రాయాలి.

మొన్నొక అమ్మాయి ఒక పెద్దాయన ఊపిరిని నిమిషం నిండా లెక్కపెట్టింది. 26. బీపీ, పల్స్, ఆక్సిజన్ అన్నీ బాగానే ఉన్నాయి. పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని పాయింట్లు వేసి చూసే న్యూస్2 చార్టులో, ఊపిరి నిమిషానికి 25, ఆపైన ఉంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. పాయింట్లు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువని. ఆ పిల్ల అంకె వేసి ఊరుకోలేదు. పరుగున వచ్చి, "ఆయన మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు, డాక్టర్‌ని పిలుద్దామా?" అంది. ఆమె అసెస్‌మెంట్ పుస్తకంలో నేను రాసింది అదే. ఆ స్టూడెంట్ గురించి పేషెంట్లు ఏమన్నారో రాయడానికీ అందులో చోటుంటుంది.

నెల్లూరులో నేను చదివినప్పుడు అన్నిటికీ రికార్డే. ఇన్ని ఇంజెక్షన్లు, ఇన్ని కేథటర్లు, ఇన్ని హెల్త్ టాక్‌లు. హాస్టల్లో అర్ధరాత్రి దాకా సీనియర్ల రికార్డులు చూసి దించడం, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడం, పొద్దున్నే సంతకాల కోసం క్యూ. చెయ్యి తిరిగిందా అని అడిగినవాళ్లు తక్కువ. మేడమ్‌లను తప్పుపట్టను, ఒక్కరి వెనకాల వార్డులో అంతమందిమి ఉండేవాళ్లం. కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ మీద మాత్రం పాస్ పర్సెంటేజ్ మెరిసిపోయేది.

ఇక్కడికొచ్చే మన నర్సులకి ఓస్కీ (OSCE) అనే ప్రాక్టికల్ పరీక్ష అంటేనే టెన్షన్. పది స్టేషన్లు, ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపించాలి. మందు ఇచ్చేముందు పేరు, పుట్టినతేదీ, అలర్జీ అడిగామా లేదా అన్నది పక్కనుండి చూస్తారు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ మార్చిన బీఎస్సీ సిలబస్‌లోకి కూడా ఓస్కీ వచ్చింది. నాకు చాలా సంతోషమనిపించింది. అదీ సంతకాల తంతు కాకుండా చూసుకోవాలి. తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల మీద 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, డిగ్రీ నర్సులు 10 శాతం ఎక్కువున్నచోట ఆపరేషన్ పేషెంట్లు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. నర్సు చదువు అంత దూరం పోతుంది.

మా అక్క కూతురు ఒంగోలులో ఇంటర్ అయిపోయి, "పిన్నీ, ఈ కాలేజీ రిజల్ట్ నూటికి నూరంట, చేరనా?" అని ఫోన్ చేసింది. ముందు అక్కడి మూడో సంవత్సరం పిల్లల్ని కలవమన్నాను. వార్డులో మేడమ్ పక్కనుండి చేయిస్తారా, సరిగా రాకపోతే మళ్లీ చేయిస్తారా అని అడగమన్నాను. నిరుడు పాసైనవాళ్లకి ఉద్యోగమిచ్చిన ఆసుపత్రులు వాళ్ల గురించి ఏమంటున్నాయో కాలేజీ కనుక్కుందా అని ప్రిన్సిపల్ గారిని కూడా అడగమన్నాను.