పెథాయ్ వానలో ఉద్దానం

2018 డిసెంబరు 17 పొద్దున శ్రీకాకుళం జిల్లా పలాసలో రైలు దిగేసరికి ముసురు పట్టి ఉంది. పెథాయ్ తుపాను ఇంకా తీరం దాటలేదు. ఆ మధ్యాహ్నం కోనసీమలో కాట్రేనికోన దగ్గర దాటింది. పలాసకి అది మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరాన దాటే తుపాను మనల్నేం చేస్తుందిలే అని బోగీలో అందరూ ధీమాగానే ఉన్నారు.

మందస దాకా ఆటో. ఇదంతా కొబ్బరి, జీడి తోటల ఉద్దానం. దారి పొడుగునా కూలిన కొబ్బరి మొద్దులు. ఆ ఏడాదే అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, గంటకి 140 కిలోమీటర్ల పైబడిన గాలితో. కొబ్బరీ జీడీ రెండూ పోయాయి. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇక ఈ ఏడాదికి చేతికొచ్చేది వరి ఒక్కటే. దాన్ని కూడా అప్పుడే కోసి పనలు పరిచి ఉంచారు.

పిన్ని ఇంటికి చేరేసరికి బాబాయి ఇంట్లో లేడు. చేలో ఉన్నాడంటే గొడుగు పట్టుకుని వెళ్లాను. కుప్ప వేసిన దాని మీద బరకం కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాడు. కుప్ప పడనిదే ఎక్కువ. పనలు మడిలో నీళ్ల మీద తేలుతున్నాయి. ముగ్గురు మనుషులు వాటిని గట్టు మీదికి మోస్తున్నారు. బాబాయి బకెట్లో ఉప్పు కలిపి స్ప్రేయర్లో పోసుకుంటున్నాడు. లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు. తడిసిన కంకుల మీద కొడితే గింజ మొలకెత్తకుండా ఆగుతుంది. నేను ఒక కంకి తీసి చూశాను. రెండు మూడు గింజల కొసల్లో తెల్లగా అప్పుడే మొలక పొడుచుకొచ్చింది.

“తిత్లీ వొచ్చి తోట లాక్కెళిపోనాది. ఇదొచ్చి కూడు నానబెట్టీసినాది. గాలే లేదు, మరి దీన్ని తుపానంటారా అని అడుగుతున్నారు కొందరు” అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. మనం తుపానుని గాలితోనే కొలుస్తాం. కోతల వేళ ఆగకుండా పడే వాన గాలి కంటే తక్కువేం కాదు.

రాత్రికి చలి మొదలైంది. వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది కదా, దాని పడమటి పక్కకి ఉత్తరాది నుంచి పొడి చలిగాలిని లాక్కొస్తుంది. మబ్బు వల్ల పగలు ఎండ లేదు. తడి బట్టలతో మనుషులు వణికిపోతున్నారు. పిన్ని వాకిట్లో కుంపటి పెట్టింది.

పక్కింటి కుర్రాడు సెలవు మీద వచ్చిన జవాను. కాశ్మీర్లో డ్యూటీ. ఈ జిల్లాలో ఫౌజుకి పోయిన ఇళ్లు చాలానే. కుంపటి దగ్గర కూర్చుని, అక్కడి మంచు ఇక్కడి సముద్రం వల్ల రాదని చెప్పాడు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అవాంతరాలనే వాతావరణ అలజడులు దాన్ని తెస్తాయి. కొండల మీద మంచు, కింద మైదానాల్లో వాన. డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అంటారు, అదే అసలు చలి.

“మరి నీకు ఈ చలి ఒక లెక్కా?” అన్నాను.

“మంచయితే దులిపితే పోతాదన్నా. ఈ తడి అలగ పోదు. ఎముకల్లోకి దిగిపోతాది” అన్నాడు.

మబ్బు తేలిపోయాక చలి ఇంకా పెరిగింది. ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రి నేల వేడి పైకి పోతుంది. కాశ్మీర్లోనూ ఇంతేనట, మంచు పడ్డాక ఆకాశం తేటపడిన రాత్రే వణికించేది. పొద్దున ఎండలో మహేంద్రగిరి స్పష్టంగా కనబడింది. 1,501 మీటర్ల కొండ. దాని మీద మంచు పడదు. మబ్బు పట్టు మాత్రం ఇంకా నడుముకి చుట్టుకునే ఉంది. పైకెళ్దామని వచ్చినవాణ్ని, కిందే ఉండిపోయాను.

ఆ ఎండ ఎవరికీ చూసి ఆనందించే తీరిక లేదు. ఊరు ఊరంతా పనలు తిరగేయడానికి దిగింది. నేనూ ఒక వరస తిప్పాను, నడుం పట్టేసింది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. బాబాయి గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని కొరికి, ఇంకా మెత్తగానే ఉందన్నాడు.

“రంగు మారిందాన్ని ఉప్పుడు బియ్యానికి ఇచ్చేస్తాను. మిగిలింది ఎండబెట్టి సంక్రాంతికి ముందే తూయించీయాలి. నువ్వెళ్లేటప్పుడు పలాసలో జీడిపప్పు కొనుక్కెళ్లు, ఈసారి ధర ఎక్కువుంటాది మరి” అని గట్టెక్కాడు.