కత్తిపీట అటకెక్కింది

పాపకి మూడో నెల. పురిటికొచ్చిన నేను ఇంకా పుట్టింట్లోనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతున్నాను. పక్కన చాప మీద పాప కాళ్లాడిస్తోంది. ఉన్నట్టుండి ఒక ఆలోచన: 'పాపని దీని మీద పడేస్తే?' ఒళ్లంతా చెమటలు. కాయలు అక్కడే వదిలేసి లేచిపోయాను.

మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత లెక్కే లేదు. నడుంనొప్పి అని చెప్పి కత్తిపీటని అటక మీద పెట్టించాను. తర్వాత చాకు దాచాను. పాపకి నీళ్లు పోయడం అమ్మకి వదిలేశాను. నూటెనిమిదిసార్లు రామనామం, మధ్యలో ఆ ఆలోచన వస్తే మళ్లీ ఒకటి నుంచి. చిక్కిపోతున్నానని అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. తీస్తుండగానే అదే ఆలోచన!

ఎవరికైనా చెబితే పాపని నాకు దూరం చేస్తారని భయం. ఒక రాత్రి 14416కి, అదే మానసిక ఇబ్బందులకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, సైకియాట్రిస్టుని కలవమన్నారు.

డాక్టర్ గారు మొదట అడిగింది ఇది: "చెయ్యాలనిపిస్తోందా అమ్మా, చేసేస్తానేమోనని భయమా?" భయమే. మాటలేమైనా వినిపిస్తున్నాయా అనీ అడిగారు. అలాంటివి ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో చేరాలట. నాది ఓసీడీ, అంటే వద్దన్నా అవే ఆలోచనలు రావడం, వాటిని తప్పించుకోవడానికి చేసిందే చేయడం. ఇలాంటి ఆలోచనలు చాలామంది కొత్త తల్లులకి వస్తాయి, వచ్చి పోతాయి; నేను పోనివ్వకుండా దానితో కుస్తీ పడుతున్నాను. "మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దంటే ఏమవుతుంది?" అని నవ్వారు. 1987లో అమెరికాలో వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని కొందరికి చెప్పి చూసి తేల్చింది కూడా ఇదేనట. మన కోతి ముందే చెప్పింది!

పాలిచ్చే తల్లినని చూసి మాత్ర రాశారు. పనిచేయడానికి వారాలు పట్టింది. అసలు కష్టం ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్నే తప్పించుకోకుండా కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం. మొదట కత్తిపీట దించి ఎదురుగా పెట్టుకోవాలి, అంతే. జపం లేదు, లేచి పోవడం లేదు. భయం పదికి తొమ్మిది. అరగంటకి ఐదు. ఆ అరగంట పురిటినొప్పులకేం తీసిపోలేదు. తర్వాత పాప పక్కగదిలో ఉండగా తరగడం, ఆ తర్వాత అదే గదిలో.

మా ఆయనకి ఫోన్ చేసి "నేను అలాంటిదాన్ని కాదుగా?" అనేదాన్ని. "డాక్టర్ గారు జవాబు చెప్పొద్దన్నారు" అనేవాడు. ఆ భరోసా కూడా జపం లాంటిదేనట. భలే కోపం వచ్చేది.

నిన్న గోరుచిక్కుళ్లు తరిగాను. పాప పాక్కుంటూ వస్తే ఎత్తి అవతల కూర్చోబెట్టాను. ఆలోచన వచ్చింది. ఇంకా సగం కాయలున్నాయి, తరిగాను.

"నడుంనొప్పి తగ్గినట్టుందే" అంది అమ్మ.

"ఆఁ, తగ్గింది" అన్నాను.