ఇల్లు తర్వాత, ముందు వీధి

కర్నూల్లో ఇల్లు కొందామని తిరుగుతున్నాం. బ్రోకరేమో వాస్తు, టైల్స్, బోరు అంటాడు. నేను మాత్రం వీధిలో పెద్దోళ్లను ఒకటే అడుగుతా: "2009 అక్టోబర్‌లో నీళ్లు ఎంతవరకు వచ్చినాయి?" తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడిన ఏడాది కదా.

నిన్న వన్‌టౌన్ వైపు ఒకామె కిటికీ పైన గోడ మీద చెయ్యి పెట్టి "ఇదో, ఇంతవరకు నాయనా" అనింది. ఎవరి మిద్దె మీద ఎవరు తలదాచుకున్నారో, ఎవరు ఎవరికి అన్నం పెట్టినారో పేర్లతో సహా చెప్పింది. బ్రోకరు వాచీ చూసుకుంటానే ఉన్నాడు.

నీళ్లు రాని కొత్త కాలనీ కూడా చూసినాం. పక్కింటాయన ఏం చేస్తాడో ఎవరికీ తెలీదు. గేట్లు మాత్రం భలే ఎత్తు, రేటు అంతకన్నా ఎత్తు!

వన్‌టౌన్‌లో మిద్దె మీద గది ఉన్న ఇల్లు అమ్మకానికుంటే చెప్పండబ్బా.