కొత్త బ్యారెల్‌కు బ్రేకిన్ అవసరమా?

గత ఆదివారం తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి గచ్చిబౌలి షూటింగ్ రేంజికి వెళ్లినప్పుడు, కొత్తగా చిన్న తూటాల .22 రైఫిల్ కొన్న మా హన్మకొండ కుర్రవాడొకడు "అన్నా, దీనికి బ్రేకిన్ చెయ్యాల్నా?" అని అడిగాడు. అక్కరలేదని ఒక్క మాటలో తేల్చేశాను గాని, కారణం చెప్పకుండా వచ్చినందుకు మనసు ఊరుకోలేదు.

బ్రేకిన్ అంటే కొత్త బ్యారెల్‌లో ఒక్క తూటా పేల్చి వెంటనే లోపల శుభ్రం చేయడం, మళ్లీ ఒకటి పేల్చి మళ్లీ శుభ్రం చేయడం, ఇలా ఐదు నుంచి పది తూటాలదాకా సాగించి, ఆపైన మూడేసి తూటాలకు ఒకసారి తుడవడం. దీని వెనుక ఉన్న తర్కం కొట్టిపారేయదగినది కాదు. తూటా కూర్చునే గదిని, అంటే చాంబర్‌ను, తొలిచే రీమర్ అనే పనిముట్టు తూటా వెళ్లే దిశకు అడ్డంగా సన్నని గీతలు వదులుతుంది. తూటా మీది రాగి తొడుగు ఆ గీతల దగ్గర గీసుకుపోయి, వేడి వాయువులతో ముందుకు సాగి, బ్యారెల్ గోడలకు అంటుకుంటుంది. గీతలు నునుపెక్కేదాకా ఆ రాగిని ఎప్పటికప్పుడు తీసేయాలని అమెరికాలోని క్రీగర్ వంటి బ్యారెల్ తయారీదారులు చెబుతారు. అదే వృత్తిలో పేరు పొందిన గేల్ మెక్‌మిలన్ మాత్రం ఇది బ్యారెల్ ఆయుష్షును వృథా చేయడమేనని వాదించారు.

కొత్త మోటారు సైకిల్‌ను మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపిన అలవాటు ఉన్నవాళ్లం కాబట్టి మనం ఈ మాటను తొందరగా నమ్ముతాం. అయితే ఇంజనులో అవే రెండు లోహాలు వేలసార్లు ఒరుసుకుంటాయి. బ్యారెల్‌లో వెళ్లిన తూటా తిరిగి రాదు. పైగా ఒకే బ్యారెల్‌ను బ్రేకిన్ చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి పరీక్షించే వీలు లేదు కనుక ఈ తగువు తేలదు.

.22 విషయంలో తగువే అక్కరలేదు. పోటీల్లో వాడే .22 తూటా తొడుగులేని సీసం, దాని మీద జిడ్డు పూత. పెద్ద రైఫిల్ తూటా అయిన .30-06లో పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లదాకా వెళితే ఇందులో 24,000 దాటదు. కడగడానికి రాగే లేదు. పైగా శుభ్రం చేసిన ప్రతిసారీ ఆ జిడ్డు మళ్లీ పరుచుకొని గురి కుదరడానికి పది పదిహేను తూటాలు ఖర్చవుతాయి.

నా .30-06 రైఫిల్‌కు మాత్రం నేను బ్రేకిన్ చేశాను. రాగిని కరిగించే మందులోని అమోనియా ఘాటుకు కళ్లు మండుతుండగా తుడిచిన ప్రతి గుడ్డముక్కా నీలంగానే వచ్చేది. నీలం కరిగిన రాగి రంగు కనుక, రాగి ఇంకా పోలేదనుకొని రెండు రోజులు గుడ్డ తోసే రాడ్ ఆడించాను. చివరికి తెలిసిందేమిటంటే, గుడ్డను పట్టి ఉంచే ఇత్తడి మొనే ఆ మందుకు కరిగి నీలం ఇస్తోంది! బ్యారెల్ ఏనాడో శుభ్రమైంది. అనవసరంగా అన్నిసార్లు ఆడించిన రాడ్ బ్యారెల్ మూతి అంచును ఒరిస్తే, గురికి జరిగే చేటు గీతల వల్ల జరిగేదానికంటే ఎక్కువ. ఇప్పుడు తొడుగు తూటాల బ్యారెల్ కొత్తదైతే మొదటి రోజు రెండు మూడుసార్లు తుడిచి, గుడ్డ మీద రాగి జాడ తగ్గగానే ఆపేస్తాను. ఇత్తడి మొనను మార్చేశాను కూడా.

ఆ కుర్రవాడికి రాత్రి ఫోన్ చేసి, ముందు బ్యారెల్‌లోని గ్రీజు తుడవమని, తరువాత దానికి ఏ తూటా పడుతుందో చూడటానికి నాలుగు రకాల డబ్బాలు తెచ్చుకోమని చెప్పాను. డబ్బాల ధర విన్నాక బ్రేకిన్ మాట మళ్లీ ఎత్తలేదు.