కాటా దగ్గరి పాత కంప్యూటరుకు బయటి దారులు మూయడం

చిత్తూరు సమీపంలో నేను కంప్యూటర్ల నిర్వహణ చూసే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కాటా దగ్గర ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ యంత్రమే ఉంది. బరువును చూపే ఇండికేటరు నుంచి సీరియల్ పోర్టు అనే పాతకాలపు కేబుల్ కనెక్షన్ ద్వారా బరువును చదివే ప్రోగ్రాము కొత్త విండోస్‌లో నడవదు. తోతాపురి సీజనులో ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఆ యంత్రం ఆగితే, ఎండలో కాయలతో నిలబడేది రైతే. అందుకే దానిని కాపాడడం నాకు ముఖ్యం.

2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ విజృంభించినప్పటి వంటి అత్యవసర సందర్భాలలో తప్ప, ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 అనే నవీకరణతో మెరుగుపడిన దాని ఫైర్‌వాల్ (కనెక్షన్లను వడకట్టే రక్షణ) లోపలికి వచ్చే కనెక్షన్లనే ఆపుతుంది, బయటికి వెళ్లేవాటిని పట్టించుకోదు. ఏ సైటు పేరుకు ఏ ఐపీ చిరునామానో కంప్యూటరుకు చెప్పే హోస్ట్స్ ఫైలులో, అక్కరలేని సైట్ల పేర్లను ఎక్కడికీ చేరని 0.0.0.0కు మళ్లించమని చాలామంది చెబుతారు గానీ, ఐపీ చిరునామాతో నేరుగా వెళ్లే ప్రోగ్రామును అది ఆపలేదు. పైగా నిషేధించవలసినవాటి పట్టికకు అంతుండదు. ఈ యంత్రానికి నిజంగా కావలసినది, తూకం చీటీలు తీసే నెట్‌వర్క్ ప్రింటరు ఒక్కటే.

కాబట్టి ముందుగా నెట్‌స్టాట్ ఆదేశంతో ఏ ప్రోగ్రాము ఎక్కడికి వెళుతోందో చూసుకొని, ప్రింటరు తప్ప మరేదీ అవసరం లేదని నిర్ధారించుకున్న తరువాత, కంప్యూటరుకు స్థిరమైన ఐపీ చిరునామా ఇచ్చి, బయటి నెట్‌వర్కులకు దారి చూపే డిఫాల్ట్ గేట్‌వే గడిని ఖాళీగా వదిలేశాను. గేట్‌వే లేని యంత్రానికి తన నెట్‌వర్కులోని ప్రింటరు అందుతుంది, ఇంటర్నెట్టుకు మాత్రం దారి దొరకదు. ఎవరైనా ఆ గడిని మళ్లీ నింపే అవకాశం ఉంది కనుక రూటరులో కూడా ఈ యంత్రానికి ఇంటర్నెట్టును నిషేధించాను; కాటా సిబ్బందికి సెట్టింగులు మార్చే అధికారం లేని పరిమిత ఖాతా ఇచ్చాను. నా దృష్టిలో అసలు రక్షణ రూటరులోనిదే, ఎందుకంటే వైరస్ సోకిన యంత్రం తన మీది అడ్డంకులను తానే తొలగించుకోగలదు.

ఇక మిగిలిన ప్రమాదం పక్క గదుల కంప్యూటర్ల నుంచి వచ్చేది. వాన్నక్రై వ్యాపించింది ఫైళ్లు పంచుకునే 445 అనే నెట్‌వర్కు పోర్టు ద్వారానే. అందువల్ల ఫైర్‌వాల్‌లో మినహాయింపులను అనుమతించవద్దు అన్న ఎంపికను పెట్టాను. ప్రింటరుకు కనెక్షన్ కంప్యూటరు నుంచే మొదలవుతుంది కాబట్టి చీటీలకు ఆటంకం రాలేదు. తూకాల లెక్కలను ఆఫీసుకు నెట్‌వర్కు మీదుగా పంపాలంటే, ఫైళ్లు పంచుకోవడానికి ఎక్స్‌పీకి తెలిసిన పాత ఎస్ఎంబీ 1 పద్ధతిని కొత్త కంప్యూటరులోనూ తెరవవలసి వస్తుంది. వాన్నక్రై వాడుకున్నది ఆ పద్ధతిలోని లోపాన్నే కనుక అది నాకు సమ్మతం కాదు. పెన్‌డ్రైవు పెట్టగానే అందులోని ప్రోగ్రాములను నడిపించే ఆటోరన్‌ను ఆపివేసి, ఈ పనికే కేటాయించిన పెన్‌డ్రైవులో లెక్కలు పంపిస్తున్నాము.